సెటిల్–కార్లైల్ లైన్: రైలెక్కితే చాలదు, స్టేషన్లలో దిగాలి

ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న ఈ లైను చూడ్డానికి లీడ్స్‌లో రైలెక్కి, కిటికీలోంచి కొండలు చూస్తూ కార్లైల్ దాకా వెళ్లి, సాయంత్రానికి తిరిగొచ్చేసేవాళ్లే ఎక్కువ. రెండేళ్ల కిందట మేమూ అదే చేశాం. ఈసారి మావయ్యగారు ఇండియా నుంచి వచ్చారు. గుంతకల్లు డివిజన్‌లో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన కోసం మూడు రోజులు పెట్టుకుని, ఒక్కో స్టేషన్లో దిగుతూ వెళ్లాం. ఈ లైను చూడాల్సింది ఇలాగే.

మొదటి మజిలీ సెటిల్. శనివారమే వెళ్లండి, ఎందుకంటే పాత సిగ్నల్ బాక్స్ తెరిచేది ఆ రోజే. సిగ్నళ్లు, పట్టాలు మార్చే లీవర్లుండే గది, మన రైల్వేవాళ్లు కేబిన్ అంటారే, అదే. 1984లో మూతపడి పాడవుతుంటే స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు బాగుచేసుకున్నారు. 1997లో క్రేన్‌తో ఎత్తి ఇప్పుడున్న చోట పెట్టారు. అక్కడున్న పెద్దాయన మావయ్యగారి చేతికి గుడ్డ ఇచ్చి లీవర్ లాగమన్నారు. ఒట్టి చేత్తో పట్టుకుంటే చెమటకి ఇనుము తుప్పు పడుతుందట. "మా దగ్గరా ఇంతేనమ్మా" అన్నారు మావయ్యగారు. ఆ తర్వాత ఇద్దరూ గంట సేపు పాయింట్లు (రైలు పట్టా మారే చోట్లు), బెల్ కోడ్‌ల (కేబిన్ల మధ్య గంట సంకేతాల) గురించే మాట్లాడుకున్నారు. నేను భాష అందించాల్సిన అవసరమే రాలేదు.

ఆ రాత్రి బస మాత్రం బాగాలేదు. ఊళ్లో ఒక చిన్న లాడ్జిలో దిగాం. హీటర్ పనిచేయలేదు. ఫోన్ చేస్తే పొద్దున చూస్తామన్నారు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఈ సంగతి ముందే అడిగి బుక్ చేసుకోండి.

మర్నాడు రిబుల్‌హెడ్. 24 కమానుల వంతెన అందరూ ఫొటోల్లో చూసిందే. అసలు గొడవంతా దాని దగ్గరే మొదలైంది. దాన్ని బాగుచేయాలంటే లక్షల పౌండ్లు కావాలని, 1980ల్లో అప్పటి ప్రభుత్వ రైల్వే సంస్థ బ్రిటిష్ రైల్ 72 మైళ్ల లైనునే మూసేయాలని చూసింది. అప్పటికే, 1970లోనే, సెటిల్, యాపిల్‌బీ తప్ప దారిలోని మిగతా స్టేషన్లన్నీ మూసేసింది. 1981లో ఏర్పడిన ఫ్రెండ్స్ ఆఫ్ ద సెటిల్–కార్లైల్ లైన్ సంఘం ఊరూరా తిరిగి అభ్యంతరాలు రాయించింది. జనం టికెట్ కొని రైలెక్కడం మొదలుపెట్టారు. 1983లో 93 వేలున్న ప్రయాణాలు 1989 నాటికి నాలుగున్నర లక్షలయ్యాయి. 1986లో ఎనిమిది స్టేషన్లు మళ్లీ తెరుచుకున్నాయి. 1989 ఏప్రిల్ 11న ప్రభుత్వం మూసివేతకి ఒప్పుకోలేదు. ఆ కథంతా రిబుల్‌హెడ్ స్టేషన్ భవనంలోనే పెట్టారు. ముందు అది చూసి, తర్వాత వంతెన కిందికి నడవండి. గాలి మామూలుగా ఉండదు, కోటు తప్పనిసరి.

బసకి నా ఓటు డెంట్‌కే. సముద్రమట్టానికి 1,150 అడుగుల ఎత్తున, ఇంగ్లండ్ మెయిన్ లైన్లలో అన్నిటికంటే ఎత్తైన స్టేషన్ ఇది. ఆ పాత రాతి భవనంలోనే మనం వండుకుని ఉండొచ్చు. డెంట్ ఊరు మాత్రం నాలుగు మైళ్ల దూరంలో, కింద ఉంది, దగ్గర్లో దుకాణం లేదు. మేం బియ్యం, పప్పు, పెరుగు సెటిల్‌లోనే కొని, పులిహోర ఇంటి నుంచే తెచ్చుకున్నాం. రాత్రి గూడ్సు బండి వెళ్తుంటే మావయ్యగారు లేచి కిటికీ దగ్గర నిలబడ్డారు. కర్కబీ స్టీఫెన్ స్టేషన్లో కూడా బస ఉంది. ఆ భవనాన్ని సెటిల్–కార్లైల్ రైల్వే ట్రస్ట్ బాగుచేసింది. మళ్లీ వచ్చినప్పుడు అక్కడే ఉంటాం.

చివర గార్స్‌డేల్. ప్లాట్‌ఫారం మీద కంచు కుక్క బొమ్మ ఉంది. పేరు రస్వార్ప్. దాని యజమాని గ్రాహమ్ నటాల్ ఫ్రెండ్స్ సంఘాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. మనవాళ్లు వేలిముద్ర వేసినట్టు ఈ కుక్క అభ్యంతరపత్రం మీద కాలిముద్ర వేసింది. టికెట్ కొన్న ప్రయాణికుడే కదా అని దాన్నీ లెక్కలోకి తీసుకున్నారు. లైను దక్కిన మరుసటి ఏడాది జనవరిలో నటాల్ వేల్స్ కొండల్లో చనిపోయారు. చలిలో, వానలో పదకొండు వారాలు ఆ ముసలి కుక్క ఆయన శవం పక్కనే కాపలా ఉంది. ఆయన అంత్యక్రియలు చూసి, కొద్ది రోజులకే అదీ పోయింది.

మావయ్యగారికి ఈ కథ తెలుగులో చెప్పాను. రైలుకి ఇంకా నలభై నిమిషాలుంది. ఆయన బెంచీ మీద కూర్చోలేదు, బొమ్మ పక్కనే నిలబడ్డారు.