బెంగళూరులో విజయవాడ లైసెన్సు: ఇప్పుడే మార్చాలా, రెన్యువల్ దాకా ఆగాలా?

బెంగళూరులో ఇల్లు దిగి సామాన్లు సర్దుకోకముందే ఎవరో ఒకరు హెచ్చరిస్తారు, పన్నెండు నెలల్లో డ్రైవింగ్ లైసెన్సు కర్ణాటకకు మార్చుకోవాలని. ఆ పన్నెండు నెలల లెక్క బండిది, నడిపే మనిషిది కాదు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించి వేరే రాష్ట్రంలో ఉంచే బండికి అక్కడ కొత్త రిజిస్ట్రేషన్ కావాలి. లైసెన్సు మాత్రం 13వ సెక్షన్ కింద దేశమంతటా చెల్లుతుంది. రాష్ట్ర విభజనకు ముందు హైదరాబాద్‌లో తీసుకున్న, ఏపీతో మొదలయ్యే కార్డు కూడా గడువు తీరేదాకా పనికొస్తుంది. కాబట్టి మార్చాల్సింది ఏదైనా ఉంటే అది చిరునామా ఒక్కటే.

పదకొండు నెలల అగ్రిమెంటు మీద అద్దెకు ఉండేవారు అసలు దాని జోలికి వెళ్లకపోవడమే మేలు. ఇల్లు మారినప్పుడల్లా ఆర్టీఓ చుట్టూ ఎవరు తిరుగుతారు? ట్రాఫిక్ పోలీసు చూసేది గడువు, ఏ బండికి అనుమతి ఉందన్నది. ఫోనులో డిజిలాకర్ చూపించినా చాలు.

ఇల్లు కొనుక్కుని స్థిరపడినవారికి, కార్డును చిరునామా రుజువుగా వాడేవారికి ఇప్పుడే మార్చుకోవడంలో అర్థముంది. కేంద్ర నిబంధనల్లో చిరునామా మార్పుకు రుసుము 200 రూపాయలు, స్మార్ట్ కార్డుకు మరో 200. లైసెన్సు పనుల కోసం కేంద్రం నడిపే సారథి పోర్టల్‌లో దరఖాస్తు చేయవచ్చు. అయితే ముందు ఆధార్‌లో చిరునామా మార్చుకోండి. నేను ఆ వరుస తప్పాను. పాత ఆధార్‌తోనే పని కానిచ్చేస్తే కొత్త కార్డు స్పీడ్ పోస్టులో నేరుగా విజయవాడలోని పాత వాటాకు వెళ్లింది. తలుపుకు తాళం. కవరు వెనక్కి మళ్లింది. దాన్ని చేజిక్కించుకోవడానికి రెండుసార్లు సెలవు పెట్టాను.

గడువు ఒకటి రెండేళ్లలో తీరేటట్టయితే నా ఓటు మూడో దారికే: అప్పటిదాకా ఆగి, రెన్యువల్‌తో పాటే చిరునామా మార్చుకోవడం. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కు దరఖాస్తు చేయవచ్చు, లైసెన్సు ఇచ్చిన ఊరికే వెళ్లాలనీ లేదు. ఒక్క కార్డుతో రెండు పనులూ తీరతాయి. నలభై దాటినవారు వైద్యుడి దగ్గర ఫారం 1ఎ మీద సంతకం చేయించుకోవాలి. ఇందులో ఒక మెలిక ఉంది. గడువు తీరాక కూడా ఏడాది వరకు పరీక్ష లేకుండా రెన్యువల్ చేస్తారు కదా అని చాలామంది నిమ్మళంగా బండి నడిపేస్తుంటారు. ఆ ఏడాది దరఖాస్తుకే, నడపడానికి కాదు. ఆ రోజుల్లో ప్రమాదం జరిగితే బీమా కంపెనీతో పేచీ తప్పదు. ఏడాది కూడా దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్షే.

పాత పుస్తకం లైసెన్సు ఉన్నవారికి మాత్రం ఈ మూడింటికన్నా ముందు మరో పని ఉంది. వివరాలు కంప్యూటర్‌లో లేకపోతే సారథిలో ఏ దరఖాస్తూ కదలదు, ఎక్కించాల్సింది లైసెన్సు ఇచ్చిన కార్యాలయమే. ఊరు వదలకముందే చూసుకోండి. వదిలేసి ఉంటే సంక్రాంతి ప్రయాణానికి ఒక పనిదినం కలుపుకోండి, పండుగ మూడు రోజులూ అక్కడ గేటుకు తాళమే ఉంటుంది.