జాతీయ రైలు మ్యూజియం, ఢిల్లీ: ఆరుబయటి ఇంజిన్లే అసలు సంపద

ఢిల్లీ చాణక్యపురిలో 1977లో ప్రారంభమైన జాతీయ రైలు మ్యూజియంలో లోపలి గ్యాలరీల కంటే ఆరుబయట పట్టాలపై నిలిపిన ఇంజిన్లకే ఎక్కువ సమయం కేటాయించడం మంచిది. వాటిలో నేను అగ్రస్థానమిచ్చేది 1907 నాటి పాటియాలా సంస్థానపు మోనోరైలుకు. బరువులో అధికభాగాన్ని ఒకే పట్టాపై దొర్లే చక్రాలు మోస్తుండగా, పక్కనున్న పెద్ద ఇనుప చక్రం నేలమీద నడుస్తూ బండి ఒరిగిపోకుండా కాస్తుంది. బెర్లిన్‌లోని ఓరెన్‌స్టీన్ అండ్ కొప్పెల్ సంస్థ తయారుచేసిన ఆ చిన్న ఇంజిన్ పక్కన కాస్త వంగి చూస్తే, ఏ బొమ్మా చెప్పలేనంత స్పష్టంగా ఈ ఏర్పాటు బోధపడుతుంది.

ఒకే బాయిలరుకు ముందొకటి, వెనుకొకటిగా రెండు చక్రాల చట్రాలను అమర్చిన గారట్ ఇంజిన్, మన వాల్తేరు దాకా బండ్లు నడిపిన బెంగాల్ నాగపూర్ రైల్వేది. నిజాం రైల్వే కొన్న 1914 నాటి జాన్ మోరిస్ అగ్నిమాపక వాహనం కూడా ఇక్కడే ఉంది. హైదరాబాదీలు దాన్ని చూడకుండా రావడం అన్యాయమే.

బొమ్మరైలు పిల్లలకు నచ్చుతుంది. సోమవారం సెలవు, ఆవరణంతా ఎండపొడే కనుక శీతాకాలపు ఉదయం వెళ్లడం మేలు.