మ్యాప్ యాప్ రివ్యూ: చండీగఢ్‌లో పాస్, కాశీలో ఫెయిల్

పళ్ళ డాక్టర్ల కుర్చీలు బాగుచేయడం నా ఉద్యోగం. ఆఫీసు విజయవాడ సూర్యారావుపేటలో. కంప్రెసర్ నుంచి గాలి రావట్లేదనో, పేషెంటుతో సహా పైకి లేచిన కుర్చీ మళ్ళీ దిగట్లేదనో ఫోన్ వస్తే టూల్ బ్యాగ్ భుజాన వేసుకుని బయల్దేరాలి. రిపేరుకి గంట పడితే, క్లినిక్ వెతకడానికి ఇంకో గంట పట్టిన రోజులు బోలెడు. అందుకే మూడేళ్ళుగా ఫోన్‌లో ఒకే మ్యాప్ యాప్‌ని నమ్ముకున్నాను, తెలుగు గొంతు పెట్టుకుని మరీ. కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి దాని పేరు రాయను.

ముందు ఆ గొంతు సంగతి. బండి స్టార్ట్ చేయగానే “ఆగ్నేయం దిశగా వెళ్ళండి” అంటుంది. మనకి ఆగ్నేయం అంటే వంటిల్లు. బెంజి సర్కిల్ మధ్యలో, వెనకాల బస్సు హారన్ కొడుతుంటే ఆగ్నేయం ఎటో ఎవడికి తెలుస్తుంది? ఇక రౌండ్‌అబౌట్ వస్తే “రెండవ నిష్క్రమణ తీసుకోండి” అంటుంది. నిష్క్రమణ అంటే నాటకంలో పాత్ర తెర వెనక్కి పోవడం అనే నాకు తెలుసు. “రెండో రోడ్డులోకి తిరగండి” అంటే పోయేదానికి ఎందుకింత గ్రాంథికం? అయినా ఇంగ్లిష్ గొంతు మన ఊరి పేర్లని నమిలి ఉమ్మే తీరు విన్నాక, తెలుగే నయమని మళ్ళీ దీనికే వచ్చాను.

సొంతూళ్ళో దీని అవసరం తక్కువే. కానీ కొత్తవాళ్ళకి ఒక మాట. బెజవాడలో మూడు కాలువలు ఉన్నాయి: ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ. యాప్‌లో క్లినిక్ రెండు వందల మీటర్లే అని కనిపిస్తే సంబరపడకండి. అది కాలువ అవతల గట్టు మీద ఉండొచ్చు, వంతెన ఎక్కడో ముందుంటుంది. పైనుంచి చూస్తే దగ్గర, బండి మీద దూరం. మా ఊళ్ళో ఎవరినైనా దారి అడిగితే ముందు “కాలువకి ఇటా, అటా?” అంటారు. యాప్‌కి ఆ ప్రశ్న అడగడం రాదు.

యాప్ అసలు సత్తా చూసింది చండీగఢ్‌లో. పోయిన ఏడాది ఫిబ్రవరిలో కొత్త కుర్చీలు బిగించడానికి వారం రోజులు పంపించారు. ఢిల్లీ నుంచి బస్సులో సెక్టార్ 17 బస్టాండులో దిగాను. క్లినిక్ సెక్టార్ 35లో. 17కి ఆనుకుని 22, 22కి ఆనుకుని 35. లె కార్బుజియే ప్లాన్ చేసిన ఊరు కదా, ఒక్కో సెక్టార్ 1200 మీటర్ల పొడవు, 800 మీటర్ల వెడల్పు. రోడ్లు స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. ఆటో ఎక్కితే అతను వీధి పేరు అడగలేదు, గుర్తు అడగలేదు, సెక్టార్ ఎంత, నంబరెంత అన్నాడు, అంతే. దారిలో లెక్క కూడా నేర్పాడు: పక్కపక్క సెక్టార్లు కలిపితే పదమూడో ఎక్కం వస్తుందట. 9, 17 కలిపితే 26. 17, 22 కలిపితే 39. ఊరు మొదట కట్టినప్పుడు 13 అనే సెక్టారే పెట్టలేదు, అది ఇలా కూడికల్లో తిరుగుతోంది కాబోలు. నేను ఊరుకోక 22, 35 కూడా కలిపి చూశాను. 57 వచ్చింది. అతనికి చెప్పలేదు, పాపం.

ఇంకో తమాషా. అక్కడ రోడ్లు తిన్నగా తూర్పు పడమరలుగా ఉండవు, మొత్తం గళ్ళ బల్లని ఓరగా తిప్పి పెట్టినట్టుంటాయి. ఈశాన్యంలో శివాలిక్ కొండలు. ఆకాశం శుభ్రంగా ఉన్న రోజు కొండలు కనిపిస్తే అదే ఈశాన్యం. అలాంటి ఊళ్ళో మా యాప్ “ఆగ్నేయం దిశగా” అంటే మొదటిసారి అర్థమైంది! మధ్య మార్గ్ నిజంగానే వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పోతుంది.

కష్టం రౌండ్‌అబౌట్ల దగ్గరే. అన్నీ ఒక్కలాగే ఉంటాయి, అదే గడ్డి, అవే చెట్లు. ఒకసారి తప్పు నిష్క్రమణ చేశామా, కిలోమీటరు పోయాక గానీ తెలీదు. పైగా క్లినిక్ ఉన్నది ‘ఎస్‌సీఓ’లో. అంటే కింద షాపు, పైన ఆఫీసు ఉండే బిల్డింగుల వరస. ముందు పార్కింగ్, వెనక సన్న సందు. యాప్ నన్ను ఆ వెనక సందులోకి తీసుకెళ్ళి “మీరు గమ్యస్థానానికి చేరుకున్నారు” అంది. ఎదురుగా ఏసీ యూనిట్లు, నీళ్ళ పైపులు, ఒక పిల్లి. నలభై కేజీల పెట్టె మోసుకుని బిల్డింగుల వరసంతా చుట్టి ముందుకి రావాల్సి వచ్చింది. తపాలా శాఖ 2025లో డిజిపిన్ అని తెచ్చింది, దేశాన్ని దాదాపు నాలుగేసి మీటర్ల గళ్ళుగా కోసి ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చారు. ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ళ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ కలిసి పనిచేశాయి. మంచిదే. కానీ గడి దొరికినా ఆ గడికి తలుపు ఎటుందో, ఎన్నో అంతస్తో ఏ కోడూ చెప్పదు కదా.

వచ్చేటప్పుడు ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో రెండు గంటలు గడిపాను. అది గుండ్రం. తెల్ల స్తంభాల వరండాలు, ఎక్కడ నిలబడినా ఒకే ఫొటో. రాజీవ్ చౌక్ మెట్రో నుంచి పైకి రాగానే నీలం చుక్క ఎక్కడుండాలో తేల్చుకోలేక గెంతింది, బాణం గింగిరాలు తిరిగింది. “కొంచెం ఎడమవైపు” అంటూనే ఉంది, నేను కొంచెం కొంచెం తిరుగుతూ టీ తాగిన చోటికే మళ్ళీ వచ్చాను. బ్లాకులకి ఇంగ్లిష్ అక్షరాలు ఉన్నాయి, అవి చదువుకుంటూ పోతే చాలని ఒక బెల్టుల వ్యాపారి చెప్పాడు. అది నిజం. యాప్ మూసేశాక దారి దొరికింది.

బెంగళూరు గురించి ఒక్క ముక్క: మెయిన్, క్రాస్ రెండూ సరిగ్గా రాసుకుంటే చాలు, కానీ బ్లాకు మారితే మళ్ళీ 1వ క్రాస్ మొదలవుతుంది, జాగ్రత్త.

ఇక హైదరాబాద్. నెలకి రెండుసార్లు వెళ్తాను, ఇప్పటికీ టెన్షనే. బంజారాహిల్స్‌లో రోడ్ నంబర్ 10 ఉంది, జూబ్లీహిల్స్‌లోనూ రోడ్ నంబర్ 10 ఉంది. డాక్టర్ గారు “రోడ్ నంబర్ టెన్ అండీ” అని ఫోన్ పెట్టేస్తే మన ఖర్మ. ఇంటి నంబరు చూస్తే ఫోన్ నంబరు కన్నా పొడుగు: 8-2-293/82 అని మొదలై, ఒక అక్షరం, మళ్ళీ గీత, మళ్ళీ అంకె. వార్డు, బ్లాకు, ఇల్లు, ఆ ఇంటి స్థలంలో తర్వాత లేచిన ఇళ్ళు అన్నీ అందులోనే. చరిత్ర తెలుస్తుంది గానీ గేటు తెలీదు. అందుకే జనం స్తంభాలు పట్టుకున్నారు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద అడ్రసులన్నీ “పిల్లర్ నంబర్ ఫలానా ఎదురుగా” అనే. మెట్రో వచ్చాక అదే అలవాటు ఊరంతా పాకింది. కొత్తవాళ్ళకి ఇంతకంటే మంచి అడ్రస్ లేదు, అంకెలు వరసలో ఉంటాయి, స్తంభం ఎక్కడికీ పోదు.

యాప్ బోల్తాపడేదీ అక్కడే. అత్తాపూర్‌లో క్లినిక్‌కి వెళ్తూ పొరపాటున వ్యాన్ ఎక్స్‌ప్రెస్‌వే పైకి ఎక్కించాను. పైనున్నానో కిందున్నానో దానికి తెలియలేదు. “యాభై మీటర్లలో ఎడమవైపు తిరగండి” అంది నిబ్బరంగా. తిరిగితే కిందున్న జ్యూస్ బండి మీద పడతాం. దిగే ర్యాంప్ వచ్చేదాకా డాక్టర్ గారి ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

పాతబస్తీలో మొఘల్‌పురా వెళ్ళినప్పుడు మాత్రం ఆశ్చర్యపోయాను. చార్మినార్ దగ్గర దారులు సరిగ్గా నాలుగు దిక్కులకి పోతాయి. 1591లో కట్టినప్పుడే గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకి పోయే బాట ఈ కూడలి మీదుగా పోయేదని చెబుతారు. అంటే మా బందరు! ఉత్తరానికి గుల్జార్ హౌజ్, మదీనా. పడమరకి లాడ్ బజార్. దక్షిణానికి శాలిబండ. ఇది బుర్రలో పెట్టుకుంటే పెద్ద రోడ్లు తప్పిపోవు. గల్లీలోకి దిగాక ఎవరినైనా “భాయ్” అని పిలవడమే. మన పని వదిలించుకోవడానికి చెయ్యి చూపించి ఊరుకోరు, వెంట వచ్చి మరీ దింపుతారు.

అప్పటినుంచి క్లినిక్‌లో రిసెప్షన్ అమ్మాయిని లొకేషన్ పంపమని అడిగి, వెంటనే ఇంకోటి అడుగుతున్నాను: “మీరు ఆటో అతనికి ఏం చెప్తారమ్మా?” ఆ జవాబు కాగితం మీద రాసుకుంటాను. హైదరాబాద్ కేపీహెచ్‌బీ కాలనీ వాళ్ళు ఫేజు చెప్తారు, అత్తాపూర్ వాళ్ళు పిల్లరు చెప్తారు, బెజవాడ వాళ్ళు కాలువ చెప్తారు.

కాశీలో యాప్ చేతులెత్తేసింది. కార్తీకంలో అమ్మని తీసుకెళ్ళాను, తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని ఆవిడ మొక్కు. మానససరోవర్ ఘాట్ దగ్గర ఆంధ్రా ఆశ్రమం చుట్టుపక్కలే బస. గల్లీలు ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అతుక్కోవాల్సినంత వెడల్పు, అటూ ఇటూ మూడు నాలుగంతస్తుల ఇళ్ళు. ఉపగ్రహం సిగ్నల్ గోడలకి కొట్టుకుని ఫోన్ దాకా వంకరగా వస్తుంది, అందుకని నీలం చుక్క పక్కింటి వంటింట్లోకి దూరుతుంది. పైగా మ్యాప్‌లో ఆంబోతు కనపడదు. గల్లీకి అడ్డంగా ఒకటి పడుకుని ఉంటే వేరే దారి చూసుకోవడమే.

నేను ఫోన్‌ని గాల్లో ఎనిమిది అంకెలా తిప్పుతుంటే అమ్మ అంది, “ఒరేయ్, గంగ ఎటుందో తెలీడానికి ఆ పెట్టెందుకురా? పొద్దున్న సూర్యుడు ఎటు వస్తే అటు.” అంతే మరి. అక్కడ గంగ దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది, ఘాట్లన్నీ పడమటి ఒడ్డున. నేల పల్లంగా దిగుతుంటే నది వైపు పోతున్నట్టు, ఎత్తుకి ఎక్కుతుంటే ఊళ్ళోకి పోతున్నట్టు. చెంబు జరపాలన్నా “కాస్త ఉత్తరంగా పెట్టరా” అనే మనిషి, ఆవిడకి కుడి ఎడమలు రావు. రెండో రోజు పూర్తిగా దారి తప్పినప్పుడు పాడె మోసుకుంటూ “రామ్ నామ్ సత్య హై” అంటూ పోతున్నవాళ్ళు కనిపించారు. ఆవిడ దణ్ణం పెట్టి వాళ్ళ వెనకే నడిచింది. మణికర్ణిక దగ్గర తేలాం. అక్కడి నుంచి మెట్ల వెంట దక్షిణానికి నడుచుకుంటూ మానససరోవర్ చేరాం.

అమ్మకీ ఒకచోట దెబ్బ తగిలింది. పదేళ్ళ క్రితం పెద్దమ్మతో వచ్చినప్పుడు గుడి పక్కన కచోరీలు తిన్న సందు కోసం వెతికింది. 2021 డిసెంబర్లో తెరిచిన కారిడార్ కోసం గుడి చుట్టూ చాలా ఇళ్ళు, సందులు తీసేశారు. రాతి పలకల మీద నిలబడి “ఇక్కడే, ఇక్కడే” అంటూ కాసేపు చూసింది.

నా రేటింగ్: చండీగఢ్‌లో ఐదుకి నాలుగున్నర, వెనక సందుకి అర పోయింది. హైదరాబాద్‌లో మూడు. కన్నాట్ ప్లేస్‌లో రెండు. కాశీలో ఒకటి, అదీ ఆశ్రమం ఫోన్ నంబరు అందులోనే దొరికినందుకు. ఏ ఊరు వెళ్ళినా ముందురోజే మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, పవర్ బ్యాంక్ ఉంచుకోండి, బ్యాటరీని బాగా తాగేస్తుంది. కొత్త అప్‌డేట్‌లో ఆడగొంతు మార్చారు. నిష్క్రమణ మాత్రం అలాగే ఉంది.