ఏళ్ల తరబడి మ్యూస్లీ తిన్నాక చెబుతున్న మాట

చాలా ఏళ్లుగా నా పొద్దుటి తిండి ఎక్కువ రోజులు మ్యూస్లీయే. అంటే ఓట్స్ లాంటి ధాన్యాలను నొక్కి చేసిన రేకుల్లో (ఫ్లేక్స్) గింజలు, ఎండు పండ్లు కలిపిన తిండి. మొదట్లో రకరకాల కంపెనీల ప్యాకెట్లు కొన్నాను. తర్వాత సరుకులు విడివిడిగా తెచ్చి సొంతంగా కలుపుకోవడం మొదలుపెట్టాను, ఇప్పటికీ అదే పద్ధతి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పంచదార కలపని, నూనె పట్టించి కాల్చని, పొట్టు తీయని ధాన్యంతో చేసిన మ్యూస్లీ నిజంగా మంచి తిండి. అయితే దాన్ని నానబెట్టి తినాలి. మ్యూస్లీ నచ్చలేదని మానేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. అడిగితే దాదాపు అందరూ డబ్బాలోంచి తీసి, చల్లటి పాలు పోసుకుని, అప్పటికప్పుడు నమిలినవాళ్లే. అలా తింటే నాకైనా నచ్చదు.

అసలు ఈ వంటకం పుట్టిందే నానబెట్టిన రూపంలో. 1900 ప్రాంతంలో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో మాక్సిమిలియన్ బిర్చర్-బెన్నర్ అనే డాక్టర్ తన రోగుల కోసం దీన్ని తయారు చేయించారు. ఆయన వంటకంలో ధాన్యం కంటే పండే ఎక్కువ. ఒక మనిషికి ఒకే ఒక టేబుల్ స్పూన్ ఓట్స్. అది కూడా రాత్రంతా నీళ్లలో నానబెట్టింది. పొద్దున అందులో నిమ్మరసం, కాస్త కండెన్స్‌డ్ మిల్క్ కలిపి, ఆపిల్‌ను తొక్కతో సహా అప్పటికప్పుడు తురిమి వేసి, పైన పొడి చేసిన హేజల్‌నట్స్ గానీ బాదం గానీ చల్లేవారు. ఇప్పుడు మనకు దొరికే ప్యాకెట్లలో ఈ కొలతలు పూర్తిగా తలకిందులయ్యాయి. పొడి ధాన్యం గుట్టగా ఉంటుంది, తాజా పండు ఊసే ఉండదు, దాని బదులు ఎండు పండ్లు, చాలాసార్లు పంచదార. తాజా పండును ప్యాకెట్లో పెట్టి అమ్మడం కుదరదు కాబట్టి అలా జరిగిందని అర్థం చేసుకోగలను. కానీ ఆ పండును ఇంట్లో మనం తిరిగి కలుపుకోవచ్చు కదా. నా గిన్నెలో సగం తాజా పండే ఉంటుంది. ఈ ఒక్క మార్పుతో మ్యూస్లీ వేరే తిండిలా అనిపిస్తుంది.

నానబెట్టడం గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే లాభమంతా అక్కడే ఉంది. నాలుగైదు టేబుల్ స్పూన్ల మ్యూస్లీ, అంటే సుమారు 40 నుంచి 50 గ్రాములు, ఒక గిన్నెలో వేసి మునిగేదాకా పాలు గానీ, నీళ్లతో పలచన చేసిన పెరుగు గానీ పోసి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచుతాను. తెల్లారేసరికి ఓట్స్ మెత్తబడి, చుట్టూ ఉన్న పాలు చిక్కబడతాయి. ఆ చిక్కదనంలో కొంత ఓట్స్‌లో ఉండే బీటా గ్లూకాన్ అనే పీచుది. ఇది నీటిలో కరిగే రకం. కిస్మిస్ ఉంటే అది ఉబ్బి, తన తీపిని కొంత పాలలోకి వదులుతుంది. అందుకే విడిగా పంచదార గానీ తేనె గానీ వేయాలని అనిపించదు. మరో సంగతి కూడా గమనించాను. పొడిగా తినేటప్పుడు చెయ్యి ఆగదు, గిన్నె మీద గిన్నె పోతుంది. నానినది తక్కువ మోతాదులోనే కడుపు నింపుతుంది, తీరిగ్గా నమలాల్సి వస్తుంది. రాత్రి మర్చిపోతే పొద్దున గోరువెచ్చటి పాలు పోసి అరగంట వదిలేసినా పని జరుగుతుంది, ఆ మృదుత్వం మాత్రం పూర్తిగా రాదు.

నానబెడితే ధాన్యంలోని ఫైటిక్ ఆమ్లం పోతుందని, అప్పుడు ఐరన్ లాంటివి ఒంటికి బాగా పడతాయని చాలాచోట్ల చెబుతుంటారు. ఓట్స్ విషయంలో ఇది అంతగా వర్తించదు. ఆ ఆమ్లాన్ని విడగొట్టే ఎంజైము ఓట్స్‌లో మొదటినుంచీ తక్కువే, తయారీలో ఆవిరి పట్టినప్పుడు ఉన్న కాస్తా దెబ్బతింటుంది. నిమ్మరసం, తాజా పండ్లు మాత్రం నిజంగా ఉపయోగపడతాయి. వాటిలోని విటమిన్ సి వల్ల ధాన్యంలోని ఐరన్‌ను శరీరం మెరుగ్గా గ్రహిస్తుంది. పైగా నిమ్మరసం వల్ల తురిమిన ఆపిల్ నల్లబడకుండా ఉంటుంది. పాలతో నానబెట్టిన రోజు నిమ్మరసాన్ని నేరుగా పాలలో వేయకుండా ఆపిల్ తురుముకే పట్టించి, తినే ముందు పైన వేసుకుంటాను.

ముడి ధాన్యం అంటే గింజ మొత్తం. పైనున్న తవుడు పొర, లోపలి పిండి భాగం, మొలక పుట్టే చోటు, మూడూ ఉండాలి. ఓట్స్‌లో తినడానికి పనికిరాని ఊక మాత్రమే తీసేసి, లోపలి గింజను ఆవిరి పట్టి రోలర్ల మధ్య నొక్కుతారు. కాబట్టి చదునుగా నొక్కిన ఓట్స్ కూడా ముడి ధాన్యమే. గోధుమ, బార్లీ, రై (గోధుమ లాంటి ఒక ధాన్యం) ఫ్లేక్స్ విషయంలో మాత్రం పొట్టు తీయని గింజతో చేసినవా కాదా అన్నది చూసుకోవాలి. మొక్కజొన్న ఫ్లేక్స్‌కు సాధారణంగా తవుడు, మొలక భాగం తీసేసిన నూకనే వాడతారు. ప్యాకెట్లో అవే ఎక్కువగా ఉంటే దాన్ని ముడి ధాన్యపు తిండి అనుకోవడానికి లేదు. ఇన్‌స్టంట్ ఓట్స్ గింజ పరంగా మొత్తమే అయినా, సన్నగా కోసి పలచగా నొక్కుతారు కాబట్టి త్వరగా అరిగిపోతాయి, రక్తంలో చక్కెర కూడా త్వరగా పెరుగుతుంది. నేను మందపాటి ఫ్లేక్స్‌నే కొంటాను. వాటికి నమలడానికి ఒక పట్టు ఉంటుంది, రాత్రంతా నానినా ముద్దయిపోవు.

కొనేటప్పుడు ప్యాకెట్ ముందు వైపు రాసినవి చదవడం నేను మానేశాను. తిప్పి వెనక చూస్తాను. పదార్థాల పేర్లు బరువు ఎక్కువున్నవాటి నుంచి తక్కువున్నవాటికి వరుసగా రాయడం నియమం. మొదటి పేరు ముడి ధాన్యం అయి ఉండాలి. తర్వాత పంచదార ఎక్కడుందో వెతకాలి. అది ఒకే పేరుతో ఉండదు. గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, తేనె, బ్రౌన్ షుగర్, మాల్ట్ సారం అన్నీ అదే కోవలోకి వస్తాయి. వీటిని విడివిడిగా రాస్తే ఒక్కొక్కటీ జాబితాలో కిందికి జారుతుంది, కలిపి చూస్తే పైకి రావాల్సినవి. క్రంచీ మ్యూస్లీ అని అమ్మేవి చాలావరకు సిరప్, నూనె పట్టించి కాల్చినవి. అంటే అవి గ్రనోలా. గ్రనోలా రుచిగా ఉంటుంది, నేనూ అప్పుడప్పుడూ తింటాను, కానీ దాన్ని మ్యూస్లీ లెక్కలో వేసుకుని రోజూ తినడం మంచిది కాదు. పీచు విషయంలో యూరప్ నిబంధనల ప్రకారం 100 గ్రాముల్లో కనీసం 6 గ్రాములు ఉంటేనే ఎక్కువ పీచు ఉందని రాసుకోవాలి. ఏ దేశంలో కొన్నా నేను ఈ అంకెనే కొలబద్దగా పెట్టుకున్నాను. మంచి మ్యూస్లీ దీన్ని సులభంగా దాటుతుంది.

ఎండు పండ్ల గురించి ఒక మాట. కిస్మిస్ బరువులో సుమారు 60 శాతం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే చక్కెర ఉంటుంది. పంచదార కలపలేదు అని రాసిన ప్యాకెట్లో మూడో వంతు కిస్మిస్, ఖర్జూరం ముక్కలు ఉంటే ఆ మాట అబద్ధం కాదు, కానీ గిన్నె మాత్రం తియ్యగానే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తగ్గించమని చెప్పే చక్కెరల్లో తేనె, సిరప్, పండ్ల రసం వస్తాయి. మొత్తంగా తినే పండులో సహజంగా ఉన్న చక్కెర ఆ లెక్కలోకి రాదు. అందువల్ల తేనె కంటే కిస్మిసే నయం. అయినా ఎండు పండ్లు పళ్లకు అతుక్కుంటాయి, కొంచెం ముక్కలోనే కేలరీలు దండిగా ఉంటాయి. గిన్నెకు ఒక చెంచాడు చాలు. ఆప్రికాట్లు మెరిసే నారింజ రంగులో ఉన్నాయంటే సాధారణంగా సల్ఫర్ డయాక్సైడ్ పట్టించినవి. అది కొందరు ఆస్తమా ఉన్నవాళ్లకు పడదు. అది పట్టించనివి గోధుమ రంగులోకి తిరిగి ఉంటాయి, చూడ్డానికి బాగోవు, రుచికి మాత్రం నాకు అవే ఇష్టం.

ఇక ఒంటికి ఏం చేసింది అన్నది. నేను కచ్చితంగా చెప్పగలిగేవి రెండే. ఒకటి, మధ్యాహ్నం దాకా ఆకలి గోల లేదు. పదకొండు గంటలకి ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలన్న ఆరాటం బాగా తగ్గింది. రెండు, మలబద్ధకం సమస్య దాదాపు పోయింది. కొలెస్టరాల్ గురించి నా సొంత అనుభవాన్ని సాక్ష్యంగా పెట్టను. అదే కాలంలో నడక, మిగతా తిండి కూడా మారాయి, ఏది దేనివల్ల అని విడదీసి చెప్పలేను. ఓట్స్ మీద తెలిసిన విషయం మాత్రం గట్టిదే. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ తీసుకుంటే చెడు కొలెస్టరాల్ కొంత తగ్గుతుంది. ఈ పీచు పేగుల్లో జిగురులా మారి పైత్యరసంలోని ఆమ్లాలను పట్టుకుని బయటికి పంపేస్తుంది. వాటిని మళ్లీ తయారు చేయడానికి కాలేయం రక్తంలోని కొలెస్టరాల్‌ను వాడుకుంటుంది. గుండె ఆరోగ్యానికి ఓట్స్ మేలు చేస్తుందని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో అనుమతి ఇచ్చింది కూడా దీని ఆధారంగానే. అయితే 40 గ్రాముల ఓట్స్‌లో ఉండే బీటా గ్లూకాన్ సుమారు ఒకటిన్నర గ్రాములు. మ్యూస్లీలో ఓట్స్ ఒక భాగమే కాబట్టి గిన్నెలో అంతకంటే తక్కువే ఉంటుంది. ఒక్క పొద్దుటి గిన్నెతో కొలెస్టరాల్ పని అయిపోయిందనుకోకూడదు. మందులు వాడుతున్నవాళ్లు దీన్ని నమ్ముకుని వాటిని ఆపేయడం అసలే వద్దు.

బరువు తగ్గడానికి అని కొనేవాళ్లు ఎక్కువ. 100 గ్రాముల మ్యూస్లీలో దాదాపు 350 నుంచి 400 కేలరీలు ఉంటాయి. ప్యాకెట్ మీద ఒకసారికి 30 నుంచి 45 గ్రాములు అని రాస్తారు. లోతైన గిన్నెలో కళ్లతో అంచనా వేసి పోస్తే సులభంగా దానికి రెట్టింపు పడుతుంది. వంటింటి త్రాసు మీద ఒక్కసారి తూచి, ఆ మోతాదు ఏ గరిటెకు వస్తుందో గుర్తుపెట్టుకుంటే ఆ తర్వాత రోజూ తూచే పని ఉండదు. మోతాదు తెలియకుండా తింటే మ్యూస్లీతో బరువు పెరగడం కూడా జరుగుతుంది.

సొంతంగా కలుపుకోవడం వైపు నన్ను నెట్టినవి ప్యాకెట్లే. పైన బొమ్మలో బాదం, జీడిపప్పు కుప్పలుగా ఉంటాయి, లోపల వెతుక్కోవాలి. ఒక ప్యాకెట్ విప్పగానే పాత నూనె వాసన కొట్టింది. గడువు తేదీ ఇంకా దాటలేదు, అయినా లోపలున్న వాల్‌నట్ ముక్కలు కనరెక్కిపోయాయి. ఇప్పుడు నా కలయికలో మూడింట రెండు వంతులు ఫ్లేక్స్, అందులో ఓట్స్ ఎక్కువ, బార్లీ కాస్త. మిగతాది బాదం, గుమ్మడి గింజలు, పొద్దుతిరుగుడు గింజలు. ఓట్స్‌ను మూకుడులో నూనె లేకుండా సన్న మంట మీద కొంచెం దోరగా వేయిస్తాను, కమ్మటి వాసన వస్తుంది. అవిసె గింజలు మాత్రం కలపను. గింజలుగా వేస్తే చాలావరకు అరగకుండానే బయటికి పోతాయి, పొడి చేసి నిల్వ పెడితే త్వరగా పాడవుతుంది. అందుకే తినే రోజుకి కావాల్సినంతే పొడి చేసి పైన చల్లుకుంటాను. వాల్‌నట్స్ ఫ్రిజ్‌లో విడిగా ఉంటాయి. ఎండు పండ్లకు కూడా వేరే డబ్బా పెట్టాను. కలిపి ఉంచితే వాటి తేమకు ఫ్లేక్స్ మెత్తబడతాయి, పండ్లు గట్టిపడతాయి. ఒకేసారి నెలల తరబడి సరిపడా కలుపుకోవద్దు, రెండు మూడు వారాలకు వచ్చేంత చాలు.

పీచు తక్కువ తినే అలవాటున్నవాళ్లు ఒక్కసారిగా పెద్ద గిన్నెతో మొదలుపెడితే కడుపు ఉబ్బరం, గ్యాస్ తప్పవు. మొదట రెండు చెంచాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి, నీళ్లు బాగా తాగాలి. సీలియాక్ జబ్బు, అంటే గ్లూటెన్ అనే ధాన్యపు ప్రోటీన్ పడని జబ్బు, ఉన్నవాళ్లకు గోధుమ, బార్లీ, రై ఉన్న మ్యూస్లీ పనికిరాదు. ఓట్స్ కూడా పొలంలో, మిల్లులో గోధుమతో కలిసిపోయే అవకాశం ఉంది కాబట్టి గ్లూటెన్ ఫ్రీ అని స్పష్టంగా రాసినదే, అదీ డాక్టరును అడిగి, తీసుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లు ఎండు పండ్లు మానేసి, మందపాటి ఓట్స్, గింజలు, పంచదార కలపని పెరుగు వాడుకుని, తిన్నాక రీడింగ్ ఎలా ఉందో స్వయంగా చూసుకోవడం మేలు. ఐదేళ్ల లోపు పిల్లలకు బాదం లాంటివి గింజగా పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. దంచి వేయాలి. పళ్లు బలంగా లేని పెద్దవాళ్లకూ ఇదే పద్ధతి. రాత్రి పాలలో నానినదాన్ని పొద్దున పొయ్యి మీద రెండు నిమిషాలు వెచ్చబెట్టి, బాదం పొడి కలిపి, మెత్తగా పండిన అరటిపండు చిదిమి వేసి ఇస్తే ఇబ్బంది లేకుండా తింటారు.