అసమాన కణవిభజన స్లైడ్ల పెట్టె: అండాల స్లైడుకు పూర్తి మార్కులు, పుస్తకానికి కాదు

కణవిభజన పాఠం ఉల్లి వేరు కొన స్లైడుతో మొదలై దానితోనే ముగుస్తుంది. కణం సరిగ్గా సగానికి చీలుతుందనే బొమ్మ విద్యార్థి మనసులో పాతుకుపోతుంది. డిగ్రీ తరగతులకు జంతుశాస్త్రం బోధించే నాకు ఇది ఎప్పటినుంచో ఉన్న బాధ. అందుకే ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా విడిపోయే పిల్లకణాల కోసమే తయారుచేసిన ఈ పెట్టెను ఎంతో ఆశతో తెప్పించుకున్నాను.

దీని విలువంతా ఏలికపాము గర్భాశయపు కోతలో ఉంది. తక్కువ శక్తి కటకంలో వరుసగా పేర్చిన అండాలు మాత్రమే కనిపిస్తాయి. అక్కడే ఆగిపోకండి. ఆయిల్ కటకం (నూనె చుక్క వేసి వాడే ఎక్కువ శక్తి కటకం) పెట్టి ఒక్కో అండం అంచు వెంబడి నెమ్మదిగా వెతకండి. మందపాటి పెంకు లోపల, అండం ఉపరితలానికి నిలువుగా నిలబడిన చిన్న కండె (విభజన వేళ క్రోమోసోములను రెండువైపులకు లాగే తంతువుల కట్ట), దాని నడుమ నల్లగా రంగు పట్టిన క్రోమోసోములు దొరుకుతాయి. రహస్యమంతా ఆ చోటులోనే ఉంది. జంతుకణంలో కోత గాడి, అంటే కణం చీలే చోట పడే నొక్కు, ఎక్కడ పడాలో నిర్ణయించేది కండె. అది నడుమన ఉంటే కణం నడుమన తెగుతుంది, అంచుకు జరిగితే అంచునే తెగుతుంది. క్రోమోసోముల వాటా రెండువైపులకూ సమానమే. కణద్రవ్యం మాత్రం దాదాపు అంతా అండానికే మిగులుతుంది, విడిపోయే చిన్న కణానికి, అంటే ధ్రువకణానికి, దక్కేది నలుసంత. పక్క అండంలో పెంకుకు అతుక్కున్న ఆ ధ్రువకణం కూడా కనిపించింది. రంగు వేసినవారి పనితనం మెచ్చుకోదగ్గది.

సముద్రపు అర్చిన్ (ఒళ్లంతా ముళ్లుండే సముద్రజీవి) పిండాల స్లైడులో అన్ని దశలూ కలగలిసి ఉన్నాయి. 16 కణాల పిండం, అదీ పక్కకు తిరిగి ఉన్నది దొరకాలంటే ఓపిక కావాలి. దొరికితే పైన 8 మధ్యరకం కణాలు, కింద 4 పెద్దవి, అట్టడుగున 4 బుల్లి కణాలు విడివిడిగా తెలుస్తాయి.

పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకంతో నాకు గట్టి పేచీ ఇక్కడే. అసమాన విభజనలో చిన్న కణం వృథాగా పోయేదని అందులో రాశారు. ధ్రువకణం విషయంలో సరే. కానీ అర్చిన్ డింభకం (పిండం తర్వాతి పిల్లదశ) అస్థిపంజరాన్ని కట్టేది ఈ బుల్లి కణాల సంతతే. పిండం పై సగాన్ని ఒంటరిగా పెంచితే శైలికలు (కదిలే సన్నని నూగు) ఉన్న బంతిగానే మిగిలిపోతుంది. దానికి ఈ 4 కణాలను అతికిస్తే ఆహారనాళంతో సహా డింభకం తయారవుతుందని పిండశాస్త్రవేత్త స్వెన్ హోర్‌స్టాడియస్ 1930లలోనే చూపించాడు. అలాంటి కణాలను వృథా అనే పుస్తకాన్ని విద్యార్థుల చేతికి ఇవ్వలేను.

ఈస్ట్ స్లైడు నిరాశపరిచింది. రంగు మరీ ముదిరి తల్లికణానికీ మొగ్గకూ మధ్య మెడ కనిపించడం లేదు. గోరువెచ్చని చక్కెర నీటిలో ఈస్ట్ కలిపి, కాసేపాగి ఒక చుక్క చూస్తే ఇంతకంటే బాగా తెలుస్తుంది. తల్లికంటే చిన్నగా విడిపోయిన మొగ్గ, తాను మొగ్గ తొడగడానికి ముందు కొంత పెరగాలి. అందుకే దాని మొదటి విభజన తల్లి తర్వాతి విభజనకంటే ఆలస్యమవుతుంది.

సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ పురుగు పిండం లేకపోవడం పెద్ద లోటు. దాని తొలి కణంలో కండె మొదట నడుమనే ఏర్పడి, వెనుకవైపు లాగుడు ఎక్కువ కావడంతో అటు జరుగుతుంది. ముందువైపు పెద్ద కణం, వెనుకవైపు చిన్న కణం వస్తాయి. కెన్నెత్ కెంఫ్యూస్ బృందం 1988లో వెల్లడించిన, కణంలో ముందువైపుకూ వెనుకవైపుకూ తేడా తెచ్చే పార్ జన్యువుల్లో కొన్నింటికి లోపం వస్తే ఆ విభజన సమానమైపోతుంది. కనీసం వరుస ఛాయాచిత్రాలైనా పుస్తకంలో చేర్చాల్సింది.

ఏలికపాము, అర్చిన్ స్లైడుల కోసం ఈ పెట్టె కొనమనే చెబుతాను. మీ ప్రయోగశాలలో ఆయిల్ కటకం లేకపోతే మాత్రం ముందు అది కొనండి. అది లేకుండా ఆ కండె స్పష్టంగా కనిపించదు.