గులాబీ మొక్కలు కొనేవారికి హెచ్చరిక: 'చలికి చచ్చాయి' అంటే నమ్మకండి

హనుమకొండలో మా కొత్త ఇంటి ముందు ఇరవై అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గల జాగా ఉంది. అందులో మూడు వరుసలుగా, వరుసకు ఎనిమిది చొప్పున గులాబీలు పెట్టాలని వానాకాలంలోనే అనుకొని, అడుగున్నర లోతు గుంతలు తవ్వించి, ఎర్రమట్టిలో మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపి సిద్ధం చేసుకున్నాను. నవంబరు రెండో వారంలో నగర శివార్లలో రోడ్డు పక్కనున్న ఒక నర్సరీలో, మొక్క 180 రూపాయల చొప్పున 24 మొక్కలకు 4,320 రూపాయలు చెల్లించాను. ప్రతి మొక్కకూ నిగనిగలాడే ఆకులు, కొన్నింటికి మొగ్గలు కూడా ఉండటంతో ఇక అనుమానించలేదు. సంక్రాంతి నాటికి వాటిలో 15 ఎండిపోయాయి.

అడగడానికి వెళ్తే వచ్చిన సమాధానం ఒక్కటే: "ఈసారి చలి బాగా పడ్డది సార్, గులాబీ తట్టుకోలే." ఈ మాట విని వెనక్కి రావద్దనే ఇదంతా రాస్తున్నాను. మన ప్రాంతంలో గులాబీకి అసలు కాలం చలికాలమే. దాన్ని చంపేది మన ఎండాకాలం. హైదరాబాదులో పుట్టిన మాజీ రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పేరిట 1967లో చండీగఢ్‌లో ఏర్పడిన గులాబీ తోట, మనకంటే ఎంతో తీవ్రమైన చలిని ఏటా భరిస్తూనే పూస్తోంది. అంత దూరం ఎందుకు, రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే దిగిపోయే ఆదిలాబాద్‌లోనూ ఇళ్ల ముందు గులాబీలు బతుకుతున్నాయి.

కారణం తెలుసుకోవాలని ఎండిన మొక్కనొకదాన్ని పెకలించాను. చుట్టూ ఉన్న నా మట్టి తడిగానే ఉంది. మొక్కతో వచ్చిన బంకమట్టి ముద్ద మాత్రం ఇటుకలా గట్టిపడి, సుత్తితో కొడితే తప్ప పగలలేదు. లోపల పొడి పొడిగా ఉంది. నేను రోజూ పోసిన నీళ్లు దాని పక్కనుంచి జారిపోయాయే గాని లోపలికి దిగలేదు. అంతకంటే బాధ కలిగించింది దాని వేరు. బొటనవేలంత మొద్దు వేరు అడ్డంగా నరికి ఉంది, దానికి ఒక్క తెల్లని పిల్లవేరు కూడా లేదు. అంటే నేలలో పెరిగిన మొక్కను పీకి, వేళ్లు నరికి, మట్టి ముద్ద చుట్టి, కుదురుకోకముందే అమ్మేశారన్నమాట. నేను చూసి మురిసిన చిగుళ్లు కాండంలో నిలవ ఉన్న సత్తువతో వచ్చినవే. మరో రెండింటికి అంటు కట్టినప్పటి ప్లాస్టిక్ పట్టీ విప్పకుండా వదిలేయడంతో, అది కాండంలోకి కోసుకుపోయి ఉంది.

బతికిన తొమ్మిదింటి కథ వేరు. 'డబుల్ డిలైట్' అని చీటీ కట్టిన మూడింటికి మీగడ రంగు మీద ఎర్రని అంచులుండే పెద్ద పువ్వులు రావాలి. వచ్చినవి గుత్తులుగా చిన్న గులాబీ రంగు పువ్వులు. పైన కట్టిన అంటు చచ్చి, అడుగున్న నాటు మొక్క ఎదిగిందని తర్వాత అర్థమైంది.

నా తప్పును కూడా దాచను. డిసెంబరులో మూడు మొక్కల కొమ్మలు కత్తిరించి, కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయలేదు. వాటిలో రెండింటికి కోత నుంచి కిందికి నలుపు దిగి కొమ్మ ఎండు తెగులు వచ్చింది. ఆ రెండింటినీ నర్సరీ లెక్కలో వేయను. మిగిలిన 13 మాత్రం వారివే.

కాబట్టి కొనేముందు ఆకులను కాదు, అడుగును చూడండి. కవరు పక్క నుంచి వేలితో నొక్కితే మట్టి కొంచెమైనా లొంగాలి, కాండం పట్టుకొని మెల్లగా కదిపితే మొక్క ముద్దలో వదులుగా ఊగకూడదు. అంటు కట్టిన ఉబ్బు కనిపించాలి, చిగుళ్లు దాని పైనుంచే వచ్చి ఉండాలి. కవరు అడుగున రంధ్రాల్లోంచి తెల్లని వేరు తొంగిచూస్తుంటే అంతకంటే నమ్మకమైన గుర్తు లేదు. ఒకేసారి ఇరవై నాలుగు కొనకుండా, ముందు రెండు తెచ్చి నెలరోజులు చూసుకోవడం మంచిది. నేను ఆ ఓపిక పట్టలేదు.

బిల్లు విషయంలోనూ మోసపోయాను. తెల్లకాగితం మీద మొత్తం మాత్రమే రాసిచ్చారు. రకం పేరు లేదు, నర్సరీ పేరు లేదు. రకం, సంఖ్య, తేదీ రాసిన బిల్లు ఉంటే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. అయిదు లక్షల లోపు కొనుగోలుకు రుసుము కూడా ఉండదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. నాకు మాత్రం నాలుగుసార్లు తిరిగితే ఆరు మొక్కలు ఇస్తామన్నారు. వాటి ముద్దలు కూడా ఇటుకల్లాగే ఉండటంతో అక్కడే వదిలేసి వచ్చాను.

ఈ చలికాలంలో ఇలాంటి మొక్కలు ఇప్పటికే కొని, ఇంకా నాటనివారు ఉంటే, ముద్దను కవరుతో సహా రాత్రంతా బకెట్ నీళ్లలో నాననిచ్చి, పొద్దున పై మట్టిని వేళ్లతో మెల్లగా విడదీసి, అంటు పట్టీ ఉంటే బ్లేడుతో కోసి, అంటు ఉబ్బు నేలకు పైనే ఉండేలా నాటండి.