సోఫా మీద ఉచ్చ కంపుకి ఎంజైమ్ స్ప్రే: పని చేసింది, కానీ సీసా చిన్నది

విజయనగరం గంటస్తంభం దగ్గర పెట్ షాపులో కొన్నాను. మా టామీగాడు రోజూ సోఫా ఎడమ మూలకే కాలెత్తేవాడు, ఫినాయిల్‌తో ఎంత తుడిచినా మధ్యాహ్నం ఉక్కకి మళ్లీ అదే కంపు, వాసన చూసుకుని వాడు మళ్లీ అక్కడికే. ఉచ్చలోని యూరిక్ యాసిడ్ మామూలు సబ్బుకి సరిగా వదలదు, దాన్ని విడగొట్టేది ఎంజైములే. షాపతను "కొట్టి తుడిచేయండి సార్" అన్నాడు, అదే తప్పు! స్పాంజి లోపలిదాకా తడిసేలా కొట్టి, పావుగంట వదిలేసి, పాత తువ్వాలుతో అద్ది, ఫ్యాను కింద ఆరనిచ్చాను. రెండోసారికి వాసన పోయింది. అన్నట్టు, మీ కుక్క ఉన్నట్టుండి ఇలా మొదలెడితే ముందు పశువుల డాక్టరుకి చూపించండి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే ఏ స్ప్రే ఆపలేదు. సోఫాకే సగం సీసా అయిపోయింది, పరుపు సంగతి ఇంకా మిగిలే ఉంది.